ఈస్టర్‌కి అత్తగారింట్లో 22 మంది, అందులో అయిదుగురు పిల్లలు: ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. గురువారం రాత్రి ఆరేళ్ళ బాబునీ, మూడేళ్ళ పాపనీ తీసుకుని హైదరాబాద్ నుంచి తెనాలి దగ్గర అత్తగారి ఊరికి బయల్దేరుతున్నారు. ఆడపడుచు పిల్లలిద్దరు, తోటికోడలి పది నెలల బాబు, పెద్దవాళ్ళతో కలిపి ఇంట్లో 22 మంది. గుడ్ ఫ్రైడేనాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ ధ్యానాలు, ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి సమాధుల తోటలో ఆరాధన, మళ్ళీ పదింటికి చర్చిలో ఆరాధన. అన్నిటికీ పిల్లలు రావాల్సిందేనని అత్తయ్యగారు అంటున్నారు. స్కూల్లో చూసిన రంగు గుడ్ల ఆట ఊళ్ళో కూడా ఆడాలని పిల్లలు పట్టుబడుతున్నారు. ఆదివారం భోజనానికి మీ అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్ళు హిందువులు. "పండగ అంటే సంతోషం కన్నా టెన్షనే ఎక్కువగా ఉంది" అన్నారు.

నాది గుంటూరు జిల్లా. లూథరన్ కుటుంబంలో పెద్దకోడలిని. ముప్పై ఏళ్ళకు పైగా సండే స్కూల్లో పాఠాలు చెప్పాను. అత్తగారి మాట కాదనలేక వెనక గదిలో ఏడ్చిన ఈస్టర్లూ ఉన్నాయి, "పిల్లల్ని ఎందుకు తీసుకురాలేదు" అని నా కోడల్ని అడగబోయి నాలిక కరుచుకున్న ఈస్టర్లూ ఉన్నాయి. కాబట్టి అటూ ఇటూ రెండూ తెలిసి చెబుతున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. పిల్లలకి ఆదివారం ఒక్క ఆరాధన చాలు, అది కూడా తెల్లవారుజాముది. పదింటిదానికి వాళ్ళని తీసుకెళ్ళకండి. చాలామంది తల్లులు దీన్ని తిరగేసి చేస్తారు. చీకట్లో లేపడం పాపమని పడుకోనిచ్చి, పదింటికి కొత్త బట్టలేసి చర్చికి తీసుకెళ్తారు. పండగనాడు ఆ ఆరాధనలో ప్రభువు బల్ల (అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) ఉంటుంది, కానుకలుంటాయి, ఒక్కోసారి బాప్తిస్మాలుంటాయి. ఒంటిగంట దాటినా ఆశ్చర్యం లేదు. ఆ ఉక్కలో, కిక్కిరిసిన జనంలో మూడేళ్ళ పాప కూర్చోదు. మీరూ వాక్యం ఒక్క ముక్క వినరు. పాపని భుజాన వేసుకుని చర్చి బయట వేపచెట్టు కింద నిలబడటమే మీ పండగవుతుంది.

తెల్లవారుజాము అలా కాదు. చల్లగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, ప్రతి సమాధి మీదా కొవ్వొత్తి వెలుగుతుంటుంది. డోలక్ మోగుతుంటే పునరుత్థాన కీర్తనలు పాడుకుంటూ వీధి వీధంతా కదిలి వస్తుంది. పిల్లలు కూర్చోవాల్సిన పని లేదు, నడవొచ్చు, ఎత్తుకోమనొచ్చు. గంటా గంటన్నరలో అయిపోతుంది. చివరి పాటకల్లా తూర్పున తెల్లబడుతుంది. ఇంకో మాట. ఈస్టర్ ఎప్పుడూ మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి వెళ్ళాక మొదటి ఆదివారం కదా. అందుకే ఒక ఏడాది మార్చి 31 (2024లో), ఇంకో ఏడాది ఏప్రిల్ 20 (2025లో) అవుతుంది. పున్నమి వెళ్ళి వారం దాటదు కాబట్టి ఆ వేళకి ఆకాశంలో చంద్రుడు తప్పకుండా ఉంటాడు, మబ్బు పడితే తప్ప. మీ ఆరేళ్ళవాడికి చూపించి ఈ లెక్క చెప్పండి, ఏడాదంతా గుర్తుంచుకుంటాడు.

అయితే దీనికి ఒక షరతు ఉంది. శనివారం రాత్రి ఎనిమిదింటికల్లా పిల్లలు నిద్రపోవాలి. 22 మంది ఉన్న ఇంట్లో అది ఎంత కష్టమో నాకు తెలుసు. డాబా మీద చాపలేసి అందర్నీ వరసగా పడుకోబెడితే పదకొండు దాకా కబుర్లే. మా ఇంట్లో ఒకే ఒక్క గది, కూలర్ ఉన్నది, ఆ ఒక్క రాత్రికి పిల్లలకే రాసిచ్చేశాం. మామయ్యగారి మంచం కూడా వరండాలోకి వచ్చింది. పొద్దున వేసుకునే మెత్తటి నూలు బట్టలతోనే పడుకోబెట్టండి. మూడుంపావుకి లేపి హుక్కులు పెట్టే గొడవ ఉండదు. కొత్త బట్టలు భోజనాల వేళకి వేయొచ్చు. పది నెలల బాబు మాత్రం ఇంట్లోనే ఉండాలి, వాడితో ఒకరు ఆగాలి. ఆ ఆగినవాళ్ళు పదింటి ఆరాధనకి వెళ్తారు, తెల్లవారుజామున వెళ్ళిన మీలో ఒకరిద్దరు అప్పుడు పిల్లల దగ్గర ఉంటారు. ఎవరిది ఏ వంతో శుక్రవారం రాత్రే తేల్చుకోండి. ఆదివారం పొద్దున తేల్చుకుందామనుకుంటే అది ఎప్పుడూ కోడళ్ళ మీదే పడుతుంది.

అత్తయ్యగారితో ఈ మాట మీరు మాట్లాడకండి, మీవారిని మాట్లాడమనండి. అదీ ఊరెళ్ళాక గుమ్మంలో కాదు, రెండు వారాల ముందు ఫోన్లో. "పిల్లలు రారమ్మా" అని మొదలుపెడితే గొడవే. "తెల్లవారుజామున పిల్లలిద్దరూ నీ చెయ్యి పట్టుకునే వస్తారు, తాతల సమాధులు నువ్వే చూపించాలి" అని మొదలుపెట్టాలి. ఆవిడ అడిగేది మొత్తం హాజరు కాదు, ఊళ్ళోవాళ్ళ ముందు మనవలతో కలిసి నడవడం. అది దొరికాక పదింటి సంగతి పెద్దగా పట్టించుకోరు. పట్టించుకున్నా ఒక మాట అని ఊరుకుంటారు.

ఇక శుక్రవారం. పన్నెండు నుంచి మూడు దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు. అందులో ఒక్కరు మైకు వదలకపోతే నాలుగవుతుంది. మూడేళ్ళ పాపకి ఇది అనవసరం. ఆరేళ్ళవాడికి ఒక్క మాట చాలు. నేనైతే అయిదోది ఎంచుకుంటాను, "దప్పిగొనుచున్నాను" అన్నది. దాహం అంటే ఏంటో ఏప్రిల్ మధ్యాహ్నం ఏ పిల్లాడికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దాన్ని పనిలో పెట్టండి. రెండింటికి ఇంట్లో పెరుగు చిలికి, ఉప్పు, కాస్త అల్లం, కరివేపాకు వేసి ఒక పెద్ద క్యాను మజ్జిగ చేయండి. ఆరాధన అయ్యే వేళకి పిల్లలు చర్చి గేటు దగ్గర నీడలో నిలబడి, ఉపవాసంతో బయటికొచ్చే పెద్దవాళ్ళకి గ్లాసులు అందిస్తారు. మా సండే స్కూల్లో ఇది ఏళ్ళ తరబడి చేశాం. "నాకు ఇవ్వలేదు" అని పెద్దవాళ్ళు పిల్లల్ని అడుగుతుంటే చూడాలి వాళ్ళ మొహాలు. తెల్ల బట్టలు వేస్తారు కదా శుక్రవారం, మజ్జిగ ఒలికినా మరక కనపడదు.

చిన్నపిల్లల్ని ఉపవాసం ఉంచొద్దు. అన్నయ్య ఉన్నాడని తమ్ముడూ పంతం పడతాడు. ఆరేళ్ళవాడికి పొద్దున టిఫిను, మధ్యాహ్నం పెరుగన్నం పెట్టి, "నీ ఉపవాసం బిస్కెట్లు మానడం" అనండి, చాలు. అలాగే రాత్రి పూట ఊళ్ళో తెర కట్టి సిలువ సినిమా వేస్తే చిన్నవాళ్ళని దూరంగా ఉంచండి. కొరడా దెబ్బలు, రక్తం, మేకులు. పెద్దవాళ్ళం కన్నీళ్ళు పెట్టుకుని చూస్తాం, అయిదేళ్ళ పిల్ల మాత్రం నాలుగు రాత్రులు ఉలిక్కిపడి లేస్తుంది. యేసు చనిపోయాడు, ఆయన స్నేహితులు ఏడ్చారు, ఒక పెద్దాయన తన తోటలో ఉన్న కొత్త సమాధి ఇచ్చాడు అని చెబితే ఆ వయసుకి సరిపోతుంది. "శుక్రవారం నుంచి ఆదివారానికి రెండు రోజులేగా, యేసు మూడో రోజు లేచాడంటారేంటి" అని మీవాడు తప్పకుండా అడుగుతాడు, ఆరేళ్ళ పిల్లలందరూ అడుగుతారు. యూదుల లెక్కలో రోజులో కొంత భాగం గడిచినా ఒక రోజే. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. మనింట్లో మూడో రోజు, పదకొండో రోజు లెక్కపెట్టేదీ అలాగే కదా.

మూడు రోజుల్లో మీకు అసలైన పరీక్ష శనివారం. శుక్రవారానికి కార్యక్రమం ఉంది, ఆదివారానికి ఉంది, శనివారం ఖాళీ. ఆ ఖాళీలోనే పిల్లలు ఫోన్లు పట్టుకుంటారు, కొట్టుకుంటారు. కొన్ని ఊళ్ళలో ఆ రోజు యువకులు రన్ ఫర్ జీసస్ అని ర్యాలీ తీస్తారు, అది పెద్దపిల్లలకి. చిన్నవాళ్ళకి మా ఇంట్లో పనికొచ్చింది చేపలు. యోహాను సువార్త చివర్లో తిరిగి లేచిన యేసు ఒడ్డున నిప్పులు రాజేసి శిష్యులకి చేపలు, రొట్టె పెడతాడు, వాళ్ళ వలలో 153 చేపలు పడతాయి. సాయంత్రం ఎండ తగ్గాక డాబా మీదకి సుద్దముక్కలిచ్చి పంపి, "153 చేపలు గీయండి, ఒక్కటి తగ్గినా ఒప్పుకోం" అన్నాం. రెండు గంటలు చప్పుడు లేదు. 70 దగ్గర లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టారు. మా మరిది పైకెళ్ళి ఒక తిమింగలం గీసొచ్చాడు, దాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని రాత్రి అన్నాల దాకా గొడవ.

గుడ్ల సంగతికొస్తే, మీ అత్తయ్యగారు "ఇది మన పద్ధతి కాదు" అన్నారన్నారు. నిజమే, మన ఊళ్ళలో ఈస్టర్‌కి గుడ్లు ఎప్పుడూ లేవు. కానీ వట్టి చాక్లెట్ కంపెనీల సరదా కూడా కాదు. పూర్వం ఐరోపాలో ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమదినాల 40 రోజులూ (మధ్యలో వచ్చే ఆదివారాలు కలిపితే 46) మాంసంతో పాటు గుడ్లు కూడా మానేసేవాళ్ళు. కోళ్ళకి ఉపవాసం లేదు కదా, అవి పెడుతూనే ఉంటాయి. పండగనాటికి ఇంటి నిండా గుడ్లే. తూర్పు దేశాల సంఘాల్లో వాటికి ఎర్ర రంగు వేసి క్రీస్తు రక్తానికి గుర్తనేవాళ్ళు, పెంకు పగలడాన్ని సమాధి తెరుచుకోవడంతో పోల్చేవాళ్ళు. ఈ మాట మీవారే వాళ్ళమ్మకి చెప్పొచ్చు. గుడ్లతో పాటు ఈస్టర్ బొమ్మల్లో కనిపించే కుందేలును మాత్రం హైదరాబాద్‌లోనే వదిలేసి రండి, దాని గురించి ఆవిడకి సర్దిచెప్పడం నావల్ల కూడా కాదు.

రంగులు కొనకండి. ఫారం గుడ్లు తెల్లగా ఉంటాయి, రంగు బాగా పడుతుంది. శనివారం పొద్దున వంటకి ఎలాగూ ఉల్లిపాయలు తరుగుతారు, ఆ పొట్టంతా దాచి నీళ్ళలో అరగంట మరిగించండి. ఒక చెంచా వెనిగర్ వేసి ఆ నీళ్ళలో గుడ్లు ఉడికిస్తే ఇటుక ఎరుపు వస్తుంది. పసుపు నీళ్ళలో పసుపుపచ్చ, బీట్‌రూట్ నీళ్ళలో గులాబీ, అది కాస్త వెలిసినట్టుంటుంది. గుడ్డు మీద కొత్తిమీర ఆకు తడిపి అంటించి, పల్చటి పాత గుడ్డలో బిగించి మూట కట్టి ఉల్లిపొట్టు నీళ్ళలో ఉడికిస్తే ఆకు ఉన్నచోట తెల్లగా అచ్చు మిగులుతుంది. ఇది చూసి మా అత్తగారే "ఇంకో నాలుగు పెట్టవే" అన్నారు.

దాచి వెతికే ఆటకి మాత్రం ఉడికిన గుడ్లు వాడొద్దు. వండిన గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. మన దగ్గర ఆ రోజుల్లో పొద్దున తొమ్మిదికే ఆ వేడి వచ్చేస్తుంది. మా ఇంట్లో మొదటి ఏడాది 30 దాచి 29 దొరికాయనుకున్నాం, ఒకటి ఎవరో తిన్నారని సరిపెట్టుకున్నాం. బుధవారానికి పెరట్లో రుబ్బురోలు వెనకనుంచి అది తనంతట తనే తెలియజేసింది. చాక్లెట్లూ వద్దు, 34 డిగ్రీలకి అవి కరిగి జేబులో లేహ్యమైపోతాయి. నేను రంగు కాగితంలో నువ్వుండలు, పల్లీ చిక్కీ ముక్కలు చుట్టి గుడ్డంత పొట్లాలు కడతాను. మూడేళ్ళ పాప పొట్లంలో పల్లీలు పెట్టకండి, గొంతుకి అడ్డం పడతాయి. ఒక చిన్న బొమ్మో, రబ్బరు బ్యాండో, మెత్తటి కేకు ముక్కో పెట్టండి. ఇంకో కిటుకు. పిల్లకో రంగు కేటాయించి, ఎవరి రంగు వాళ్ళే ఏరుకోవాలనండి. లేకపోతే పదేళ్ళవాడు అయిదు నిమిషాల్లో అన్నీ ఊడ్చేస్తాడు, పాప ఏడుపుతో ఆట ముగుస్తుంది. పాప పొట్లాలు కళ్ళకి ఎదురుగా పెట్టండి, పెద్దవాడివి గడ్డివాములో దోపండి. దాచే పని అత్తయ్యగారికే ఇవ్వండి. "గుడ్లు దాచుకోడానికి మనమేమన్నా పిల్లులమా" అన్న మా అత్తగారు ఆ మరుసటేడు గుమ్మం పైన మామిడాకుల తోరణంలో దాచారు, ఎవరికీ దొరకలేదు. ఆట ఆదివారం సమాధుల తోట నుంచి వచ్చి ఇడ్లీ తిన్నాక, ఎనిమిదింటిలోపే అయిపోవాలి. ఆ తర్వాత పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పడి నిద్రపోతారు, పదింటి ఆరాధన అయ్యేదాకా లేవరు.

సమాధుల తోట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. శనివారం సమాధులకి సున్నం వేసేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, ఆ సున్నం కంట్లో పడితే ప్రమాదం. ఆదివారం కొవ్వొత్తులు నేల మీద, సమాధుల అంచున, ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ఒక ఏడాది మా ఆడపడుచు కూతురు కుచ్చుల నెట్టు గౌను వేసుకుని పక్క సమాధి కొవ్వొత్తి మీదుగా నడిచింది. అంచు అంటుకుంది. మా మరిది అరచేత్తో నలిపి ఆర్పాడు, పిల్లకేమీ కాలేదు, వాడి చెయ్యి బొబ్బలెక్కింది. అప్పట్నుంచి మా ఇంట్లో పిల్లలకి కొవ్వొత్తుల పని లేదు, పూల పని. అది మల్లెల కాలం. ఒక్కో పిల్లకి చిన్న బుట్టలో మల్లెలు, బంతిపూలు ఇచ్చి ఎవరి సమాధి మీద ఎవరు పెట్టాలో ముందే చెబుతాం. ఆరేళ్ళవాడు రాళ్ళ మీద పేర్లు కూడబలుక్కుని చదువుతాడు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది తీసివేత చేస్తాడు. ఒక్కో పేరు దగ్గర అత్తయ్యగారు ఒక్కో కథ చెబుతారు. మా వంశంలో ఎడ్లబండి మీద గుంటూరు దాకా వెళ్ళి పెళ్ళికూతుర్ని తెచ్చుకున్న ముత్తాత కథ నాకు అక్కడే తెలిసింది.

మన రాళ్ళ మీద "ప్రభువునందు నిద్రించిరి" అని రాస్తారు. పెద్దవాళ్ళకి అందులో ఓదార్పు ఉంది. మూడేళ్ళ పిల్లకి మాత్రం ఆ మాట చెప్పకండి, ఆ రాత్రి నిద్రపోవడానికి భయపడుతుంది. చనిపోయారనే చెప్పండి. మా పెద్ద మనవడు అయిదేళ్ళప్పుడు మావారి సమాధి మీద పూలు పెడుతూ, "నాయనమ్మా, ఇవాళ తాతయ్య కూడా లేస్తాడా" అన్నాడు. ఇవాళ కాదు నాన్నా, ఆ రోజు ఎప్పుడో మనకి తెలీదు అన్నాను. కాసేపు ఆలోచించి, "మరి తాతయ్యని ఎవరు లేపుతారు, నన్నైతే నువ్వు లేపావుగా" అన్నాడు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు వెంటనే మాట రాలేదు. దేవుడు లేపుతాడన్నాను. "అయితే మెల్లిగా లేపమను, తాతయ్యకి మోకాళ్ళ నొప్పులు" అన్నాడు.

మీ బంధువుల్లో పెంతెకొస్తు వాళ్ళుంటే కొందరు సమాధుల దగ్గరికి రారు, బలవంతం చేయకండి, ఇడ్లీల పని వాళ్ళకివ్వండి. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళుంటే శనివారం రాత్రి జాగరణ పూజకి వెళ్తారు, చీకట్లో కొత్త నిప్పు రాజేసి పాస్కా కొవ్వొత్తి వెలిగించడం నిజంగా చూడముచ్చటగా ఉంటుంది. కానీ మీ పిల్లల్ని ఈ ఏడాది దానికి పంపకండి, ఆ ఎనిమిదింటి నిద్ర పోతుంది.

భోజనాలు. మీ అమ్మానాన్నల గురించి మీరు పడుతున్న కంగారు అవసరానికి మించి ఉంది. వియ్యంకులు పండక్కి వస్తున్నారంటే మీ అత్తగారింట్లో వాళ్ళకే మీకన్నా ఎక్కువ హడావిడి ఉంటుంది, చూడండి. చర్చికి రమ్మని ఎవరూ మొహమాటపెట్టకుండా వాళ్ళని పన్నెండున్నరకి రమ్మనండి. మీ అమ్మగారు నీచు తినరన్నారు కదా, గుత్తొంకాయ, పప్పుచారు, పెరుగు వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో, అందరికన్నా ముందు వండించి పక్కన పెట్టండి. బిర్యానీలోంచి ముక్కలు ఏరి పెట్టడం మర్యాద కాదు. పులిహోర మాత్రం పెద్ద గిన్నెడు చేయండి, అది పిల్లలూ తింటారు, దారిలోకి కట్టివ్వొచ్చు. భోజనం ముందు ప్రార్థన ఎవరు చేస్తారో ముందే అనుకోండి, చిన్నది చేసేవాళ్ళని ఎంచుకోండి. మా చినమామగారు మొదలుపెడితే ఆదికాండం నుంచి వచ్చేవారు, బిర్యానీ చల్లారిపోయేది. ఒక ఏడాది మా పాపకి, అప్పుడు ఆరేళ్ళు, ఆ పని అప్పజెప్పాం. "ప్రభువా, లేచినందుకు థాంక్యూ, అన్నానికి థాంక్యూ, ఆమేన్." అప్పట్నుంచి మా ఇంట్లో అది పిల్లల పనే.

లెక్కకి, 20 మంది పెద్దవాళ్ళకి నాలుగు కిలోల మటన్, మూడు కిలోల బియ్యం సరిపోతుంది, పక్కన నాటుకోడి పులుసు, గారెలు ఉంటే ఇంకా కాస్త తక్కువైనా చాలు. గారెల పప్పు శనివారం రాత్రే నానబోయండి. పిల్లల కూర కారం వేయకముందే తీసి పెట్టండి, గుంటూరు కారం కదా.

సోమవారం సెలవు లేదు, చాలా బళ్ళలో పరీక్షలు కూడా దగ్గరపడతాయి. రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు, ఆదివారం రాత్రి బండికి బుకింగ్ తెరిచిన రోజే తీసుకోండి. సాయంత్రం బండి కన్నా రాత్రి పది తర్వాతది మేలు, పిల్లలు ఎక్కగానే పడుకుంటారు, మీకూ అత్తయ్యగారితో వరండాలో కూర్చుని ఒక కప్పు టీ తాగే తీరిక దొరుకుతుంది. మటన్ మాత్రం శనివారం పొద్దున్నే చెప్పేయించండి. ఆదివారం ఆరాధన అయ్యాక కొట్టు దగ్గర క్యూ చూస్తే ఊరంతా అక్కడే ఉంటుంది.